ఓనర్ గారేమన్నారు?

“ఇంతకీ మనింటికి ఓనరు ఎవరే అమ్మాయ్?” అని అడిగింది అత్తగారు, బఠాణీలు ఒలుస్తూ.

వంటగది గట్టు మీద లాప్‌టాప్ తెరిచి పెట్టుకుని, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ దూర్చుకుని, రెండో చెవిని కుక్కరు విజిలుకి వదిలేసి నిలబడ్డ కోడలికి ముందు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాగలేదు. ఇయర్‌ఫోన్ లోపల ఎవరో నిన్నటి పని చెప్పుకుపోతున్నారు గనక నోరు నొక్కుకుని నవ్వింది.

అత్తగారి అనుమానం గాల్లోంచి పుట్టింది కాదు. పొద్దున లేస్తే ఆవిడ చెవిన పడేది ఆ మాటే. ఓనరుకి చూపించారా, ఓనరు ఒప్పుకున్నారా, ఓనర్ని అడక్కుండా దాన్ని ముట్టుకోవద్దు. సగం జీవితం అద్దె ఇళ్లలో గడిపిన మనిషి. ఆవిడ లెక్కలో ఓనరంటే గోడకి మేకు కొట్టనివ్వనివాడు, చుట్టాలొస్తే నీళ్లు ఎక్కువ వాడుతున్నారని గొణిగేవాడు. సొంతిల్లు కట్టుకుని ఇన్నేళ్లయ్యాక కూడా కోడలు రోజూ పొద్దున్నే ఎవరో ఓనర్ని బతిమాలుతోందంటే, కొడుకు తనకి చెప్పకుండా ఇల్లు గానీ అమ్మేశాడా అని ఆవిడ ప్రాణం పీకుతోంది. కొడుకుని అడగడానికి భయం, కోడల్ని అడగడానికి మొహమాటం. మొహమాటమే ముందు ఓడిపోయింది.

మీటింగు అయ్యాక కోడలు ఓపిగ్గా చెప్పింది. తన కంపెనీ లిఫ్టులు తయారుచేసేవాళ్లకి సాఫ్ట్‌వేర్ రాస్తోందనీ, ఎజైల్ అనే పద్ధతిలో చేస్తారనీ, అందులో ఏది ముందు కావాలో, ఏది అక్కర్లేదో చెప్పే మనిషి ఒకరుంటారనీ, ఆ మనిషినే ఓనరంటారనీ. రెండేసి వారాలకి సరిపడా చిన్న ముక్క చేసి చూపిస్తారు. బావుందంటే ఉంచుతారు, బాగోలేదంటే మారుస్తారు, మళ్లీ తర్వాతి ముక్క.

ఇంత తతంగమెందుకు, అంతా ఒకేసారి చేసి మొహాన కొట్టేస్తే పోదా అంది అత్తగారు. ఏం కావాలో ముందు వాళ్లకే తెలీదు అత్తయ్యా, చూస్తేగాని తెలీదు అంది కోడలు. అత్తగారు ఒక బఠాణీ నోట్లో వేసుకుని ఆలోచించింది. కొత్త గౌను కుట్టేటప్పుడు ముందు పొడుగు కుట్లు వేసి, తొడిగి చూసి, భుజం దగ్గర పట్టేసిందంటే విప్పి, ఆ తర్వాతే మిషను మీద గట్టి కుట్టు వేసేవాళ్లం, అదే కదా అంది. అదే అంది కోడలు. ఆఫీసులో దీనికి రెండురోజుల శిక్షణ పెట్టారు.

“సరే గానీ, మీ ఓనరు ఏమన్నాడు ఇవాళ?”

“అన్నాడు కాదత్తయ్యా. ఆడమనిషి. లిఫ్టులావిడ.”

అత్తగారి చేతిలో కాయ చేతిలోనే ఆగిపోయింది. “ఆడమనిషే! అయితే ఆవిడ వద్దందంటే వద్దేనా? అంతమంది మగాళ్లు నోరు మూసుకుంటారా?”

“మూసుకోవాలి మరి.”

ఆ రోజునుంచి ఆవిడకి అదో కాలక్షేపం అయిపోయింది. మీటింగు ముగియడం ఆలస్యం, ఏమందే మీ ఓనరు, సరేనందా వద్దందా అని అడుగుతుంది. సరేనందంటే పెద్దగా పట్టించుకోదు. వద్దందంటే మాత్రం ఆవిడ మొహం వెలిగిపోతుంది. ఎన్నడూ చూడని ఆ లిఫ్టులావిడ వద్దన్నప్పుడల్లా అత్తగారికి ఎందుకో కడుపు నిండినట్టుంటుంది. ఎందుకో కోడలికి తెలుసు. అత్తగారికీ తెలిసే ఉంటుంది.

ఆ పొద్దుటి మీటింగుని నిలబడి మాట్లాడుకోవాలని ఎజైల్‌లో ఒక నియమం. కూర్చుంటే జనం కబుర్లలో పడతారట, నిలబడితే కాళ్లు నొప్పెట్టి తొందరగా ముగిస్తారట. ఈ నియమం కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, కోడలు మాత్రం దాన్ని కష్టపడి నేర్చుకోలేదు. ఆ ఇంట్లో పొద్దున్నపూట ఆమె కూర్చున్నదెప్పుడు గనక? నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, నీ పనికి అడ్డం ఏమైనా ఉందా అని ఒక్కొక్కరినీ అడుగుతారు. మూడో ప్రశ్నకి ఆమె జవాబు ఎప్పుడూ ఒకటే, అడ్డమేమీ లేదు. పొయ్యి మీద పాలు పొంగుతుండగా, ఇస్త్రీ కాని చొక్కా కోసం లోపల్నుంచి కేకలు వినపడుతుండగా, కూతురి స్కూలు బూటు ఒకటే దొరికి రెండోది దొరక్కుండా ఉండగా, అడ్డమేమీ లేదండీ అని చెప్పేది. సిగ్గుపడి కాదు. వాటిని అడ్డం అనుకోవచ్చని ఆమెకెప్పుడూ తట్టలేదు.

సరే, అసలు సంగతికొస్తాను. ఇంటిమీద చిన్న మేడ వేస్తున్నారు.

ఆమె భర్త వంతెనలు కట్టే ఇంజనీరు. పనిమంతుడని పేరు. తాగుడు లేదు, తిట్టడం లేదు, గొంతు పెంచడం కూడా లేదు. ఒక సెలవు రోజు పొద్దున్న కాఫీ తాగుతూ పెన్సిలు తీసుకుని మేడ బొమ్మ ఆయనే గీశాడు. గీస్తూ గీస్తూ ఒక మూల చదరం గీసి, అందులో ఆఫీసు అని రాసి, ఇది నీ గది అన్నాడు. పెద్ద కిటికీ, వీధి చివరిదాకా కనపడుతుంది. తలుపేసుకుంటే కుక్కరు వినపడదు. ఆఫీసులో అలవాటు కొద్దీ కింద సంతకం చేసి, ఆమెతో కూడా చేయించాడు. ఆ సంతకం చేస్తుంటే ఆమెకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పెళ్లినాడు కూడా ఆమెకి అంత సంబరం కలగలేదు, ఇది నిజం. అప్పటిదాకా ఆమె ఆఫీసు పడగ్గదిలో ఇస్త్రీ బల్ల. దానికో సుఖం ఉంది, ఎత్తు ఎంత కావాలంటే అంత సర్దుకుంటుంది. ఇస్త్రీ చేసుకోవాల్సి వచ్చినప్పుడు ఆఫీసుని మంచం మీదికి మార్చాలి, అంతే.

తర్వాత ఏమైందని అడిగితే, ఏమీ కాలేదనే చెప్పాలి. ఎవరూ ఆమె గది లాక్కోలేదు. స్నానాలగది మరీ ఇరుకైపోతోంది, గోడ ఒక్క మూరెడు ఇటు జరుపుతానన్నాడు. మూరెడే కదా, సరే అంది. అమ్మ తన చీరల ఇనప్పెట్టెకి చోటు అడుగుతోంది, నీ గదిలో ఒక మూల పడేద్దామన్నాడు. పెద్దావిడ, సరే అంది. చెల్లెలూ పిల్లలూ వచ్చినప్పుడు పడుకోవడానికో మంచం అన్నాడు. వచ్చినప్పుడే కదా, సరే అంది. డాక్టరు నడవమన్నాడు, వీధిలో దుమ్ము, నడక మిషను ఒకటి అన్నాడు. ఆయన నడుము నొప్పి ఆమెకి తెలియంది కాదు. సరే అంది. ప్రతిసారీ ఆయన చెప్పే మాట ఒకటే, నువ్వయితే అర్థం చేసుకుంటావు. ఒకసారి నవ్వుతూ ఇంకోమాట కూడా అన్నాడు. మీకు అలవాటేగా ఈ మార్పులు, మీ ఎజైల్ అంటే అదేగా. ఆమె కూడా నవ్వింది. నవ్వినందుకు తర్వాత చాలాసార్లు తనమీద తనకే కోపం వచ్చింది.

ఇదే మనిషి వంతెన దగ్గర కుర్ర ఇంజనీరెవరో ఒక ఇనపచువ్వని వేలెడు పక్కకి జరిపితే ఆ పూట అన్నం తినలేదు. ఒప్పుకున్న డ్రాయింగు వేదంతో సమానం అంటాడు. అదేం చిత్రమో, ఆ వేదం ఇంటి గడప దాటి లోపలికి రాదు.

సర్దడం, సర్దుకోవడం, సర్దిచెప్పడం. ఇస్త్రీ బల్ల ముందు నిలబడి ఆమె ఒకరోజు ఈ మూడు మాటలూ మనసులో తిప్పి తిప్పి చూసుకుంది. సామాన్లు సర్దేది తను. చోటు చాలకపోతే సర్దుకునేది తను. కూతురికి నాన్న ఎందుకు రాలేదో, ఆడపడుచుకి అన్నయ్య ఎందుకు ఫోను చెయ్యలేదో సర్దిచెప్పేదీ తనే. ఒకే మాటకి ముగ్గురు పిల్లలు పుట్టినట్టు, ముగ్గుర్నీ ఎత్తుకుని తిరుగుతోంది. ఆఫీసుకి వెళ్తే అక్కడా అంతే. అక్కడ జట్టుకి పని సాఫీగా సాగేలా చూసే ఉద్యోగం ఆమెది. దాన్ని స్క్రమ్ మాస్టర్ అంటారు. ఆమె పై అధికారి, ప్రతిదీ ఇప్పుడే కావాలంటాడని అందరూ చాటుగా ఇప్పుడేసార్ అని పిలుచుకునే పెద్దమనిషి, మాస్టర్ ఏమిటమ్మా, నువ్వు మా టీముకి మదర్‌వి అని పొగుడుతాడు. అమ్మ గనక అందరి పుట్టినరోజులూ గుర్తుపెట్టుకుని కేకు తెప్పించాలి. అమ్మ చేతిరాత బావుంటుంది గనక మీటింగులో ఎవరేమన్నారో అమ్మే రాయాలి. ఎవరేమన్నారో రాసే మనిషి తనేమీ అనలేదు గనక, ఆమె మాట అందులో ఉండదు. జీతాలు పెంచే రోజున, నాయకత్వ లక్షణాలు ఇంకాస్త కనపడాలమ్మా అన్నాడు ఒకసారి.

ఇప్పుడేసార్‌కి ఎజైల్ అంటే ప్రాణం. ఆయన అర్థంలో ఎజైల్ అంటే ఎవరు ఎప్పుడు ఏం అడిగినా కాదనకుండా చేసేయడం. లిఫ్టుల కంపెనీవాళ్లు రెండు పనులు ఇచ్చారు. ఒకటి ఫోనులో వాడే యాప్, లిఫ్టు చెడిపోతే జనం ఫిర్యాదు చేసుకోవడానికి. రెండోది లిఫ్టు బ్రేకుల్ని నడిపే సాఫ్ట్‌వేర్, కరెంటు పోతే, బరువు ఎక్కువైతే లిఫ్టు ఏం చెయ్యాలో చెప్పేది. రెండూ ఎజైల్‌లోనే, రెండూ ఇప్పుడే అని ఆయన మాటిచ్చేశాడు. ఆ కంపెనీలో కొందరికి అనుమానం వచ్చింది. ఎజైల్ అంటే ఏమిటో, ఎప్పుడు వాడాలో మాకో గంటసేపు చెప్పండి అన్నారు. చెప్పే పని యథాప్రకారం అమ్మ మీద పడింది.

ఆ గంట వచ్చిన రోజు సంగతే ఇది.

పొద్దున్న బూటు లేసులు కట్టుకుంటూ భర్త చెప్పాడు. మేస్త్రీ ఇవాళ పైన ఆ కిటికీ మూసేస్తాడు. ఏ కిటికీ అంది ఆమె, తెలిసి కూడా. స్టోరు గది కిటికీ అన్నాడు. గోడ మొత్తం దొరికితే చెల్లెలి బీరువా కూడా పడుతుందట. సామాన్లకి కిటికీ ఎందుకు, దుమ్ము తప్ప అన్నాడు. మరి నా బల్ల అంటే, మెట్లకింద బోలెడు చోటుంది కదా, నీదయితే లాప్‌టాప్ పనేగా, ఎక్కడయినా కూర్చోవచ్చు అన్నాడు. రెండో బూటు కూడా కట్టుకుని వెళ్లిపోయాడు. అందులో కోపం లేదు, దాపరికం లేదు. ఉప్పు తెమ్మన్నంత మామూలుగా చెప్పాడు.

ఆఫీసు అని రాసుకున్న గది స్టోరు ఎప్పుడయిందో ఆమెకి గుర్తు రాలేదు. గుర్తుండటానికి అది ఒకరోజున జరిగింది కాదు మరి. రోజూ గుమ్మంలోంచి ఎవరో ఒక పిడికెడు మట్టి తీసుకుపోయినట్టు పోయింది. ఇవాళ చూసుకుంటే గుమ్మమే ఉంది.

భోజనాల వేళకి ముందు ఇస్త్రీ బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని ఆమె మొదలుపెట్టింది. తెరమీద చిన్న చిన్న చదరాల్లో లిఫ్టుల కంపెనీ వాళ్లు, మధ్య చదరంలో లిఫ్టులావిడ. నెరిసిన పొట్టిజుట్టు, ముక్కు చివర కళ్లద్దాలు. ఇప్పుడేసార్ ముందుమాటగా, మా టీము మదర్ చెబుతుంది వినండి, మా వాళ్లకి కాదనడమే రాదు అని నవ్వాడు. ఎవరూ పెద్దగా నవ్వలేదు.

ఆమె చెప్పింది. చిన్న చిన్న ముక్కలుగా చేయడం, చూపించడం, దిద్దుకోవడం. అత్తగారి గౌను కుట్లు కూడా చెప్పింది, లిఫ్టులావిడ తలూపింది. అంతలో పైన సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. కిటికీ చట్రం చుట్టూ చెక్కుతున్నారు. బల్ల మీద నీళ్లగ్లాసు సన్నగా వణికింది.

లిఫ్టులావిడ కళ్లద్దాలు పైకి తోసుకుని అడిగింది. “ఎలా వాడాలో బాగానే చెప్పారమ్మా. ఎక్కడ వాడకూడదో అది చెప్పండి.”

అన్నిటికీ వాడొచ్చు మేడమ్ అని ఇప్పుడేసార్ అందుకున్నాడు. ఇలాంటప్పుడు ఆమె మామూలుగా ఊరుకుంటుంది. ఆయన చెప్పిన తప్పుని తర్వాత ఎవరికీ తెలియకుండా విడిగా సర్దుతుంది. నోట్సులో ఆయన సరిగ్గానే చెప్పినట్టు రాస్తుంది కూడా. పైన దెబ్బ మీద దెబ్బ పడుతోంది. ఆ చప్పుడేమిటమ్మా, మ్యూట్ చేసుకో అన్నాడు ఆయన. ఆమె చెయ్యి ఆ బటను దాకా వెళ్లింది. వెళ్లి, వెనక్కి వచ్చింది.

“మా ఇంట్లో గోడ కడుతున్నారండీ,” అంది. “దాన్నే చెప్తాను. తప్పు చేస్తే వెనక్కి రాగలిగినచోట ఎజైల్ వాడుకోండి. ఫోను యాప్‌లో బటను ఇవాళ ఇక్కడ పెట్టొచ్చు, జనానికి నచ్చలేదంటే వచ్చే వారం అక్కడ పెట్టొచ్చు. ఎవరికీ దెబ్బ తగలదు. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగితే ఏం చెయ్యాలన్నది మాత్రం చేసి చూసి తెలుసుకునేది కాదు. లోపల మనుషులుంటారు. గోడ కూడా అంతే. అలాంటివాటికి ముందే కూర్చోవాలి, అన్నీ ఆలోచించి ఒప్పుకోవాలి. ఒకసారి ఒప్పుకున్నాక ఎవరు ఎంత ముద్దుగా అడిగినా మార్చకూడదు.”

ఇప్పుడేసార్ చదరంలో ఆయన నోరు కొంచెం తెరుచుకుంది. లిఫ్టులావిడ ఇంకోటి అడిగింది. యాప్ విషయంలో మావాళ్లు రోజుకో కొత్త కోరిక తెస్తారు, అన్నీ చేస్తూ పోతారా అని.

“చేస్తూ పోమండీ. ఒకటి లోపలికి వస్తే ఒకటి బయటికి వెళ్లాలి. ఏది వెళ్లాలో ఓనర్ చెప్పాలి. వాడుకునే మనిషిని అడక్కుండా, చూపించకుండా, కొంచెం కొంచెం మార్చుకుంటూ పోతే దాన్ని ఎజైల్ అనరు.”

“ఏమంటారు?”

“పెత్తనం అంటారు,” అంది ఆమె.

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ అది ఎవరి గురించి అన్నదో ఆమెకి తెలియలేదు. లిఫ్టులావిడ మాత్రం హాయిగా నవ్వి, బ్రేకుల పని పాత పద్ధతిలోనే, ముందు అన్నీ రాసుకున్నాకే మొదలుపెట్టండి, నేను చెప్తున్నాను అంది. ఆవిడ చెప్తున్నాను అన్నాక ఇంక దానిమీద మాట లేదు.

మీటింగు ముగియగానే ఇప్పుడేసార్ దగ్గర్నుంచి మెసేజి వచ్చింది. కాస్త ముందు నాతో అని ఉండాల్సిందమ్మా, సరే, నోట్సు రాసి పంపు అని. ఆమె కాసేపు దానివంక చూసి, మాట్లాడింది నేను కదా సార్, ఈసారి నోట్సు ఇంకెవరైనా రాస్తే బావుంటుంది అని పంపింది. లేచి మంచినీళ్లు తాగింది.

తాగుతుండగా మేస్త్రీ కిందికి దిగివచ్చాడు. కనుబొమ్మల దాకా సిమెంటు దుమ్ము. మర్యాదగా గుమ్మం బయటే నిలబడ్డాడు. కిటికీ చట్రం అలాగే ఉంచి ఇటుక కట్టెయ్యాలో, చట్రం పీకేసి కట్టాలో సారు చెప్పలేదనీ, ఫోను ఎత్తడం లేదనీ చెప్పాడు.

“సిమెంటు కలిపేశామమ్మా, గట్టిపడిపోతుంది. ఓనర్ గారిని ఒక్క మాట కనుక్కుని చెప్పండి.”

కనుక్కుని చెప్తాననే అంది ఆమె. మేస్త్రీ పైకి వెళ్లిపోయాడు. ఎందుకో ఆ మాట ఆమె చెవిలో ఉండిపోయింది. ఈ ఇంటి కాగితాల్లో రెండు పేర్లున్నాయి. రెండోది తనది. ఆ సంగతి మేస్త్రీకి తెలియకపోవడంలో వింతేముంది, తనకి మాత్రం ఎప్పుడు గుర్తుంది గనక.

వంటగదిలో అత్తగారు గిన్నెలు తుడుస్తోంది. మాట్లాడకుండా ఉండలేక అడిగింది కోడలు, మీ ఇనప్పెట్టె ఆ గదిలో పెట్టాక పక్కన బీరువా కూడా వస్తుందట, పెట్టె తీసి పెట్టుకోవడానికి మీకు ఇబ్బంది అవదా అని. అత్తగారు గుడ్డ భుజాన వేసుకుని అయోమయంగా చూసింది.

“నా పెట్టె మేడమీదికెందుకే? ఈ మోకాళ్లతో నేను మెట్లెక్కి చీర మార్చుకోవాలా? అది నా మంచం కాళ్ల దగ్గరే ఉండాలి. ఎవరు అడిగారు చోటు?”

“మీరు అడిగారన్నారు అత్తయ్యా.”

అత్తగారు చేతిలో గిన్నె గట్టు మీద బోర్లించింది. తర్వాత, మీ మామగారూ అంతే, నా పేరు చెప్పి ఎన్ని చేశారో అంది. కోపంగా కాదు, ఎవరి గురించో చెబుతున్నట్టు. నన్నడిగి ఉంటే చెప్పేదాన్ని కదా అని మళ్లీ గిన్నె తీసుకుంది.

ఆడపడుచుని కూడా ఎవరూ అడిగి ఉండరని ఆమెకి ఆ క్షణంలో నిశ్చయంగా అనిపించింది. ఆ అమ్మాయి ఎప్పుడొచ్చినా అమ్మ పక్కనే చాప వేసుకుని పడుకుంటుంది, వదినా దీపం ఆర్పు అంటుంది. ఆమెకో బీరువా, ఆమెకో మంచం. అడగనివాళ్ల కోరికలన్నీ వచ్చి తన గదిలో కూర్చున్నాయి. అడిగింది తనొక్కతే, తనకే చోటు లేదు. ఇప్పుడు కళ్లనీళ్లు రాలేదు. కోపం వచ్చింది, శుభ్రమైన కోపం, చాలా ఏళ్లకి.

ఫోను చేసింది. ఈసారి భర్త ఎత్తాడు. వెనక యంత్రాల హోరు. కిటికీ మూయొద్దని చెప్పింది.

ఇప్పుడేమిటీ కొత్తగా అన్నాడు ఆయన. ప్రతిదానికీ సరేనన్నావు కదా అన్నాడు. అన్నాను, నిజమే అంది. చివరిక్షణంలో మార్చడమేమిటి, ఇదేనా మీ ఎజైల్ అన్నాడు, అలవాటైన ఆ నవ్వుతోనే.

“కాదండీ,” అంది ఆమె. “గోడల దగ్గర మీ పద్ధతే సరయింది. ఒప్పుకున్న డ్రాయింగు మార్చకూడదు. ఇద్దరం సంతకం పెట్టింది మొదటిది ఒక్కటే. దాని ప్రకారమే కట్టిద్దాం.”

వంతెన మీద ఎవరో ఆయన్ని పిలుస్తున్నారు. చివరికి ఆయన, చెల్లెలి బీరువా ఏం చెయ్యమంటావు అన్నాడు. ఆమెనే అడగండి అంది. సాయంత్రం మాట్లాడదాంలే, ఈసారికి సర్దుకో, మేస్త్రీని మాత్రం ఆపకు, సిమెంటు పాడవుతుంది అన్నాడు. ఆ మాటకి జవాబుగా సరే అన్నది ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నేళ్ల అలవాటు, అది దానంతటదే వస్తుంది. దాన్ని మింగేసి, ఉంటానండీ అని పెట్టేసింది.

మెట్లెక్కుతుంటే వెనక అత్తగారి అడుగులు వినపడ్డాయి. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కుతోంది. ఎందుకత్తయ్యా అంటే, చూద్దామనే, నువ్వు నడువు అంది.

గదిలో సున్నం వాసన, తడి సిమెంటు వాసన. సిమెంటు గట్టిపడుతుందని కిటికీ అడుగున ఒక వరస ఇటుకలు అప్పటికే పేర్చేశాడు మేస్త్రీ. ఇంకా తడి ఆరలేదు, చేత్తో తీస్తే వచ్చేస్తాయి. ఆ ఇటుకల పైనుంచి వీధి చివరిదాకా కనపడుతోంది, ఆయన గీసినప్పుడు చెప్పినట్టే. ఎవరో సైకిలు తోసుకుంటూ పోతున్నారు. ఎండ వచ్చి ఆమె పాదాల దగ్గర పడింది. బల్ల ఎక్కడ వేసుకోవాలో ఆమెకి అప్పుడే తెలిసిపోయింది.

మేస్త్రీ రెండో వరసకి తాపీ మీద సిమెంటు తీసుకుని ఆగాడు. ఆమె వెనక సారేమైనా వస్తున్నాడేమోనని మెట్లవైపు ఒకసారి చూశాడు. ఆయాసపడుతూ గుమ్మం పట్టుకుని నిలబడ్డ ముసలావిడ తప్ప ఎవరూ లేరు.

“ఓనర్ గారేమన్నారమ్మా?”

“వద్దంది,” అంది ఆమె.